వైల్డ్‌కార్డ్ మాస్క్ లెక్క కట్టడం ఎలా?

అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మన చిరునామా చివర ఉండే ఆరంకెల పిన్ కోడ్ కూడా మారిపోతుంది. 1972 ఆగస్టు 15న మన దేశంలో మొదలైన ఈ అంకెలకు ఒక పద్ధతి ఉంది. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. మొదటి మూడు అంకెలు కలిసి సార్టింగ్ జిల్లాను, చివరి మూడు అంకెలు ఉత్తరం బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని చెబుతాయి. "500తో మొదలయ్యేవన్నీ ఈ సంచిలో వెయ్యి, చివరి మూడు అంకెలు ఏవైనా సరే" అంటే హైదరాబాదు ఉత్తరాలు ఒకచోటికి చేరతాయి. ఆ ఒక్క వాక్యంలో రెండు ఆజ్ఞలున్నాయి: ఈ అంకెలు చూడు, ఆ అంకెలు చూడకు.

నెట్‌వర్క్‌లో రౌటర్‌కు సరిగ్గా ఇలాంటి ఆజ్ఞ ఇచ్చేదే వైల్డ్‌కార్డ్ మాస్క్. పేకాటలో జోకర్ ఏ ముక్క స్థానంలోనైనా ఇమిడిపోతుంది కదా! అలాగే ఈ మాస్క్ కొన్ని చోట్ల "ఇక్కడ ఏ బిట్ ఉన్నా ఫరవాలేదు" అని చెబుతుంది. ఇది మన పాఠ్యపుస్తకంలో లేదు. కానీ పదకొండో తరగతి బైనరీ సంఖ్యలు, పన్నెండో తరగతి నెట్‌వర్క్ పాఠం తెలిసినవారికి కొత్త గణితమేమీ అక్కర్లేదు. కూడిక, తీసివేత, కొంచెం ఓపిక చాలు.

ముందుగా ఐపీ అడ్రస్

192.168.11.35 లాంటి అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 8 బిట్లు, మొత్తం 32 బిట్లు. ఒక్కో సంఖ్య 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. 8 బిట్ల విలువలు ఎడమ నుంచి కుడికి ఇవి:

128, 64, 32, 16, 8, 4, 2, 1

11 అంటే 8 + 2 + 1. కాబట్టి బైనరీలో 00001011. ఈ వరుస నోటికి వస్తే మిగతా పాఠం సులువు.

యాక్సెస్ లిస్ట్ అంటే ఏమిటి?

రౌటర్ దగ్గర ఉండే కాపలా జాబితాయే యాక్సెస్ లిస్ట్. ప్యాకెట్ వచ్చినప్పుడు రౌటర్ ఆ జాబితాను పై నుంచి కిందికి చదువుతుంది. మొదట ఏ వరుస సరిపోతే దాని ప్రకారమే పంపుతుంది లేదా ఆపుతుంది. ఆ తర్వాతి వరుసలను ఇక చూడదు. ఏ వరుసా సరిపోకపోతే ప్యాకెట్ ఆగిపోతుంది. జాబితా చివర "మిగతావారెవరికీ అనుమతి లేదు" అనే వరుస కనబడకుండా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఉదాహరణకు ఒక పాఠశాలను ఊహించుకుందాం. అక్కడి అడ్రస్‌ల ఏర్పాటు ఇది:

కంప్యూటర్ ల్యాబ్ 1: 192.168.8.0 నుంచి 192.168.8.255 వరకు
కంప్యూటర్ ల్యాబ్ 2: 192.168.9.0 నుంచి 192.168.9.255 వరకు
గ్రంథాలయం: 192.168.10.0 నుంచి 192.168.10.255 వరకు
ఉపాధ్యాయుల గది: 192.168.11.0 నుంచి 192.168.11.255 వరకు
ప్రిన్సిపాల్ కార్యాలయం: 192.168.12.0 నుంచి 192.168.12.255 వరకు

ఈ పాఠశాలలో రెండు సర్వర్లున్నాయి. ఒకటి ఈ-పుస్తకాల సర్వర్. ల్యాబ్‌లు, గ్రంథాలయం, ఉపాధ్యాయుల గది దాన్ని వాడుకోవాలి. రెండోది మార్కుల సర్వర్. ఉపాధ్యాయుల గది, ప్రిన్సిపాల్ కార్యాలయం మాత్రమే దాన్ని తెరవాలి. లెక్క తప్పితే రెండు అనర్థాల్లో ఒకటి జరుగుతుంది. మార్కులు ఎక్కించాల్సిన ఉపాధ్యాయులకు తలుపు మూసుకుపోతుంది, లేదా ల్యాబ్‌లో కూర్చున్న ఏ విద్యార్థికైనా తలుపు తెరుచుకుంటుంది.

సున్న అంటే చూడు, ఒకటి అంటే వదిలెయ్

వైల్డ్‌కార్డ్ మాస్క్ కూడా 32 బిట్లే. నియమం ఒక్కటే:

0 ఉన్నచోట అడ్రస్‌లోని బిట్ తప్పకుండా సరిపోవాలి.
1 ఉన్నచోట బిట్ ఏదైనా ఫరవాలేదు.

ఇప్పుడు ఈ వరుస చూడండి. (ఆజ్ఞలను రౌటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇక్కడ పలికే విధంగా రాశాం.)

యాక్సెస్-లిస్ట్ 10 పర్మిట్ 192.168.8.0 0.0.3.255

మొదటి రెండు సంఖ్యల దగ్గర మాస్క్ 0, అంటే 192, 168 ఉన్నవి ఉన్నట్లే రావాలి. చివరి సంఖ్య దగ్గర 255, అంటే ఎనిమిది బిట్లూ ఒకట్లే. అక్కడ ఏ సంఖ్యయినా సరే. అసలు సంగతంతా మూడో సంఖ్యలో ఉంది.

8 బైనరీలో: 00001000
మాస్క్ 3 బైనరీలో: 00000011

మొదటి ఆరు బిట్లు 000010గా ఉండి తీరాలి. చివరి రెండు బిట్లు వదిలెయ్యాలి. అప్పుడు సరిపోయేవి ఇవి:

00001000 = 8
00001001 = 9
00001010 = 10
00001011 = 11

గ్రంథాలయంలోని 192.168.10.77 సరిపోయింది. ప్రిన్సిపాల్ కార్యాలయం మూడో సంఖ్య 12, అంటే 00001100. దాని మొదటి ఆరు బిట్లు 000011, కనుక అది సరిపోదు. ఈ-పుస్తకాల సర్వర్‌కు మనకు కావలసిన నాలుగు చోట్లూ ఒక్క వరుసలో వచ్చేశాయి.

మొదటి పద్ధతి: 255 లోంచి తీసివేత

సబ్‌నెట్ మాస్క్ తెలిసి ఉంటే వైల్డ్‌కార్డ్ మాస్క్ రావడానికి తీసివేత చాలు. 255.255.255.255 లోంచి సబ్‌నెట్ మాస్క్‌ను ఏ సంఖ్యకా సంఖ్య తీసెయ్యాలి.

ఉదాహరణ 1. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే 0, 0, 0, 255 మిగులుతాయి. వైల్డ్‌కార్డ్ 0.0.0.255.

ఉదాహరణ 2. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.224 అయితే చివర 255 − 224 = 31. వైల్డ్‌కార్డ్ 0.0.0.31.

ఉదాహరణ 3. సబ్‌నెట్ మాస్క్ 255.255.240.0 అయితే మూడోచోట 255 − 240 = 15, నాలుగోచోట 255 − 0 = 255. వైల్డ్‌కార్డ్ 0.0.15.255.

ఈ తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం ఎప్పుడూ రాదు. ఎందుకంటే 255లో అన్నీ ఒకట్లే. దానిలోంచి తీసివేయడమంటే ప్రతి 0నీ 1గా, ప్రతి 1నీ 0గా మార్చడమే.

సబ్‌నెట్ మాస్క్‌లో వచ్చే సంఖ్యలు తొమ్మిదే. వాటి జతలు ఇవి:

255కు 0
254కు 1
252కు 3
248కు 7
240కు 15
224కు 31
192కు 63
128కు 127
0కు 255

జవాబు సరిచూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. మూడో ఉదాహరణలో వైల్డ్‌కార్డ్‌లో ఉన్న ఒకట్లు 4 + 8 = 12. 2ను 12 సార్లు గుణిస్తే 4096. అంటే ఆ వరుస 4096 అడ్రస్‌లకు సరిపోతుంది. అనుకున్న సంఖ్యతో ఇది కలవకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

రెండో పద్ధతి: గుంపు ఎంతో చూసి ఒకటి తగ్గించు

ఒక్కోసారి సబ్‌నెట్ మాస్క్ ఇవ్వరు, "ఇక్కడి నుంచి ఇక్కడి వరకు" అని మాత్రమే చెబుతారు. అప్పుడు మూడు మెట్లు ఎక్కాలి.

1. గుంపులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అది 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256లలో ఒకటై ఉండాలి.
2. మొదటి సంఖ్యను గుంపు పరిమాణంతో భాగించండి. శేషం లేకుండా పోవాలి.
3. రెండూ కుదిరితే, గుంపు పరిమాణంలోంచి 1 తీసెయ్యండి. అదే వైల్డ్‌కార్డ్.

ఉదాహరణకు ఉపాధ్యాయుల గదిలో పరీక్షల విభాగానికి 192.168.11.64 నుంచి 192.168.11.95 వరకు కేటాయించారనుకుందాం. 95 − 64 + 1 = 32. గుంపు పరిమాణం సరిపోయింది. 64ను 32తో భాగిస్తే శేషం లేదు. 32 − 1 = 31. కాబట్టి 192.168.11.64 0.0.0.31 అని రాయాలి.

లెక్కపెట్టేటప్పుడు ఆ "+ 1" మరవకూడదు. 64 నుంచి 95 వరకు ఉన్నవి 31 కావు, 32. రెండు చివర్లూ లెక్కలోకి వస్తాయి.

హద్దు కుదరకపోతే?

అసలు చిక్కు ఇక్కడే. 192.168.8.100 నుంచి 192.168.8.115 వరకు అనుమతి ఇవ్వాలి. 115 − 100 + 1 = 16. "పదహారే కదా, 0.0.0.15 రాసేద్దాం" అనిపిస్తుంది. కానీ 100ను 16తో భాగిస్తే 4 శేషం. రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాం.

అయినా 192.168.8.100 0.0.0.15 అని రాస్తే ఏమవుతుంది? 100 బైనరీలో 01100100. చివరి నాలుగు బిట్లు వదిలేస్తే మిగిలేది 0110. అలా మొదలయ్యేవి 96 నుంచి 111 వరకు. అంటే మనం పిలవని 96, 97, 98, 99 లోపలికి వచ్చాయి. పిలిచిన 112, 113, 114, 115 బయట నిలబడ్డాయి.

సరైన పద్ధతి ఏమిటంటే, మొదటి సంఖ్య దగ్గర నిలబడి అక్కడ పట్టే పెద్ద గుంపును తీసుకుంటూ పోవడం.

100 దగ్గర: 100ను 4 భాగిస్తుంది, 8 భాగించదు. కాబట్టి 4 తీసుకుంటే 100 నుంచి 103.
104 దగ్గర: 104ను 8 భాగిస్తుంది, 16 భాగించదు. 8 తీసుకుంటే 104 నుంచి 111.
112 దగ్గర: 16 భాగిస్తుంది గానీ మనకు మిగిలినవి నాలుగే. 4 తీసుకుంటే 112 నుంచి 115.

కాబట్టి మూడు వరుసలు రాయాలి:

పర్మిట్ 192.168.8.100 0.0.0.3
పర్మిట్ 192.168.8.104 0.0.0.7
పర్మిట్ 192.168.8.112 0.0.0.3

4 + 8 + 4 = 16. లెక్క సరిపోయింది.

మార్కుల సర్వర్ కాపలా

ఇప్పుడు ఉపాధ్యాయుల గదికి (మూడో సంఖ్య 11), ప్రిన్సిపాల్ కార్యాలయానికి (12) అనుమతి ఇద్దాం. పక్కపక్క సంఖ్యలే కాబట్టి ఒక్క వరుసలో పట్టించాలని చూద్దాం.

11 = 00001011
12 = 00001100

రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి మొదటి ఐదు బిట్లే. చివరి మూడు బిట్లూ వేరు. ఒక్క వరుసలో రెండూ రావాలంటే ఆ మూడు బిట్లనూ వదిలెయ్యాలి, అంటే మాస్క్ 7. కానీ 192.168.8.0 0.0.7.255 అని రాస్తే 8 నుంచి 15 వరకు అన్నీ సరిపోతాయి. 8, 9 ఏమిటో గుర్తుందా? విద్యార్థుల ల్యాబ్‌లు! ఒక వరుస మిగుల్చుకోబోతే మార్కుల సర్వర్‌కు రెండు ల్యాబ్‌లూ దారి తీస్తాయి. అందుకే ఇక్కడ రెండు వరుసలే రాయాలి:

యాక్సెస్-లిస్ట్ 20 పర్మిట్ 192.168.11.0 0.0.0.255
యాక్సెస్-లిస్ట్ 20 పర్మిట్ 192.168.12.0 0.0.0.255

10, 11 పక్కపక్కన ఉంటే ఒక వరుసలో ఇమిడాయి, 11, 12 ఇమడలేదు. కాబట్టి పక్కన ఉండటం చాలదు, ఒకే గుంపులో ఉండాలి. జాబితా పొట్టిగా ఉండటం మంచిదే గానీ, సరిగ్గా ఉండటం అంతకన్నా ముఖ్యం.

ఎక్కువమంది పడే పొరపాటు

వైల్డ్‌కార్డ్ రాయాల్సిన చోట అలవాటుకొద్దీ సబ్‌నెట్ మాస్క్ రాసెయ్యడం తరచుగా జరిగేదే. ఉదాహరణకు:

యాక్సెస్-లిస్ట్ 20 పర్మిట్ 192.168.11.0 255.255.255.0

రౌటర్ దీన్ని తప్పు అనదు. చెప్పింది చెప్పినట్లు చేస్తుంది. మొదటి మూడు సంఖ్యలు వదిలేసి, చివరి సంఖ్య 0 అవునా కాదా అని చూస్తుంది. ఉపాధ్యాయుని కంప్యూటర్ 192.168.11.35. చివర 35 ఉంది, 0 లేదు. సరిపోలేదు కాబట్టి కనబడని చివరి వరుస దాన్ని ఆపేస్తుంది. గది మొత్తానికి దారి మూసుకుపోతుంది.

ఇదే పొరపాటు "డినై" వరుసలో చేసి, కింద "మిగతా అందరికీ పర్మిట్" అని రాస్తే ఇంకా ప్రమాదం. ఆపాల్సిన ల్యాబ్ కంప్యూటర్లు డినై వరుసకు చిక్కకుండా కింది వరుస ద్వారా దాటిపోతాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, ఎందుకంటే అందరికీ అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. తలుపు మూసుకుంటే వెంటనే తెలుస్తుంది, తెరిచి ఉంటే తెలియదు.

సరి, బేసి

సబ్‌నెట్ మాస్క్‌లో ఒకట్లన్నీ ముందు, సున్నలన్నీ వెనక వరుసగా ఉండాలి. వైల్డ్‌కార్డ్ మాస్క్‌కు ఆ కట్టుబాటు లేదు. జోకర్లను ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. ప్రతి వైల్డ్‌కార్డూ ఏదో ఒక సబ్‌నెట్ మాస్క్‌కు తిరగేసిన రూపమే అనుకోకూడదు.

ఒక సంఖ్య సరియా బేసియా అన్నది చివరి బిట్ చెబుతుంది. మాస్క్ 254 అంటే 11111110. మొదటి ఏడు బిట్లు వదిలెయ్, చివరి బిట్ మాత్రం చూడు అని అర్థం.

192.168.8.0 0.0.0.254: ల్యాబ్ 1లోని సరి సంఖ్యల అడ్రస్‌లన్నీ
192.168.8.1 0.0.0.254: ల్యాబ్ 1లోని బేసి సంఖ్యల అడ్రస్‌లన్నీ

పక్కపక్కన కూర్చున్నవారికి వేర్వేరు ప్రశ్నపత్రాలు వేర్వేరు సర్వర్ల నుంచి ఇవ్వాలంటే ఒక్కో జాబితాకు ఒక్క వరుస చాలు.

రెండు కొసలు

0.0.0.0 అంటే అన్ని బిట్లూ చూడమని. ఒకే ఒక్క కంప్యూటర్‌కు సరిపోతుంది. దీనికి బదులు అడ్రస్ ముందు "హోస్ట్" అని రాయవచ్చు. 255.255.255.255 అంటే ఏదీ చూడవద్దని. 4,29,49,67,296 అడ్రస్‌లలో ఏదైనా సరిపోతుంది. దీనికి బదులు "ఎనీ" అని రాస్తారు. మిగతా మాస్క్‌లన్నీ ఈ రెండింటి మధ్యవే.

నిజంగా ఎక్కడ వాడతారు?

సిస్కో రౌటర్ల యాక్సెస్ లిస్ట్‌లలో, ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ పద్ధతిని అమర్చేటప్పుడు ఈ మాస్క్ రాయాలి. సిస్కో రౌటర్లలో 1 నుంచి 99 వరకు సంఖ్యలున్న జాబితాలు ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే చూస్తాయి. 100 నుంచి 199 వరకు ఉన్నవి ఎక్కడికి పోతోందో, ఏ పనికి పోతోందో కూడా చూస్తాయి. అదే సంస్థ ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లో మాత్రం మామూలు సబ్‌నెట్ మాస్కే రాయాలి. ఏ పరికరం ముందు కూర్చున్నామో చూసుకుని రాయాలన్నమాట.

ఒక మంచి ఉపయోగం చూడండి. ఇళ్లలో, కార్యాలయాల్లో లోపలి వాడకానికే మూడు గుంపులు కేటాయించి ఉన్నాయి. 1996లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే పత్రం వీటిని వివరిస్తుంది. వాటి వైల్డ్‌కార్డ్‌లు ఇవి:

10.0.0.0 0.255.255.255
172.16.0.0 0.15.255.255
192.168.0.0 0.0.255.255

ఈ అడ్రస్‌లు ఇంటర్నెట్ మీద తిరగకూడదు. "నేను 192.168.11.35ను" అంటూ బయటి నుంచి ఏ ప్యాకెట్ అయినా వస్తే అది వేషం వేసుకొచ్చిందని అనుమానించాలి. అందుకే ఇంటర్నెట్ వైపు ఉన్న రౌటర్‌లో ఈ మూడింటికీ డినై వరుసలు రాస్తారు.

మీరే చేసి చూడండి

1. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.240. వైల్డ్‌కార్డ్ ఎంత?
2. 172.16.32.0 నుంచి 172.16.47.255 వరకు ఒక్క వరుసలో రాయండి.
3. 10.5.6.0 0.0.1.255 అనే వరుసకు 10.5.8.20 సరిపోతుందా?
4. ల్యాబ్ 1 (192.168.8.0), గ్రంథాలయం (192.168.10.0) మాత్రమే రావాలి. మధ్యలో ఉన్న ల్యాబ్ 2 రాకూడదు. ఒక్క వరుసలో సాధ్యమా?
5. 192.168.9.40 నుంచి 192.168.9.63 వరకు ఎన్ని వరుసలు కావాలి?

జవాబులు

1. 255 − 240 = 15. వైల్డ్‌కార్డ్ 0.0.0.15.

2. మూడో సంఖ్యలో 47 − 32 + 1 = 16. 32ను 16 నిశ్శేషంగా భాగిస్తుంది. జవాబు 172.16.32.0 0.0.15.255.

3. సరిపోదు. మాస్క్ 1 అంటే మూడో సంఖ్యలో చివరి బిట్ మాత్రమే వదలాలి. 6, 7 మాత్రమే వస్తాయి.

4. సాధ్యమే. 8 = 00001000, 10 = 00001010. తేడా 2 విలువ గల బిట్‌లో మాత్రమే ఉంది. ఆ ఒక్క బిట్‌నే వదిలెయ్యాలి. జవాబు 192.168.8.0 0.0.2.255. ల్యాబ్ 2 సంఖ్య 9లో చివరి బిట్ 1. అక్కడ మాస్క్ 0 కాబట్టి అది రాదు.

5. మొత్తం 24 అడ్రస్‌లు. 40ను 8 భాగిస్తుంది, 16 భాగించదు. కాబట్టి 192.168.9.40 0.0.0.7 (40 నుంచి 47), ఆపైన 192.168.9.48 0.0.0.15 (48 నుంచి 63). రెండు వరుసలు.

నాలుగోది సొంతంగా చేసినవారికి ఈ పాఠం పూర్తిగా వచ్చినట్టే. నిజమైన రౌటర్ లేకపోయినా ఫరవాలేదు. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పాఠశాలను మొత్తం కట్టుకోవచ్చు. జాబితా రాశాక అనుమతి ఉన్న కంప్యూటర్ నుంచి ఒకసారి, అనుమతి లేని కంప్యూటర్ నుంచి ఒకసారి పింగ్ చేసి చూడండి. రావలసినవారు వచ్చారా అన్నది సగం పరీక్షే. రాకూడనివారు ఆగారా అన్నది మిగతా సగం.